నాలుగు దిక్కుల మైకు

పెళ్లిపాటలు పాడే ఆమెకు మరుసటి రోజు కుప్పంలో గొంతు ఆపరేషన్. తర్వాత పాత గొంతు వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు ముందే చెప్పాడట. అందుకే ఆ మధ్యాహ్నం మదనపల్లె నుంచి పాటలు రికార్డు చేసే నా సామాన్లన్నీ వేసుకుని, పుంగనూరు దాటి, చౌడేపల్లె దారిలో ఉన్న ఆమె ఊరికి వెళ్లాను.

గొర్రెలు మేపే ఇంటి మనిషి. అరవై దాటాయి. పెళ్లిళ్లలో ఆమె పాట ఎత్తుకుంటే ఏడుగురు ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ అందుకుంటారు. ఆ తిరగడం కూడా వినబడాలని నా ఆశ. నా మైకు తలలో నాలుగు చిన్న మైకులు నాలుగు దిక్కులకు తిరిగి ఉంటాయి. నాలుగూ ఒకే శబ్దాన్ని ఒకే స్థాయిలో పట్టాలి. ఒక్కటి తగ్గినా పాట ఆ వైపు కుంగిపోతుంది.

వాకిట్లో మైకు నిలబెట్టి, తాడుతో దూరం కొలిచి చిన్న స్పీకరు పెట్టాను. అందులోంచి ఆగకుండా హోరు వస్తుంటే, మైకును కొంచెం కొంచెంగా తిప్పుతూ లాప్‌టాప్‌లో అంకెలు చూశాను. ఒకటి తక్కువ చూపించింది. లోపం వైరుదో మైకుదో తెలియక, పక్కదాని వైరుతో మార్చి చూశాను. వైరు మారినా ఆ మైకే తక్కువ చూపించింది, లోపం మైకుదే. దాని స్థాయి పెంచి మిగతా మూడింటితో సమానం చేసేసరికి గంటన్నర పట్టింది. చొక్కా తడిసిపోయింది.

"ఇంగా ఎంతసేపప్పా?" అని ఆమె అడిగింది. గొంతు అప్పటికే జీరపోతోంది. "రెండు పాటలకంటే నా వల్ల కాదు. సూసుకో."

"అయిపోయిందమ్మా. ఒకతూరి ఇను" అని హెడ్‌ఫోన్లు ఇచ్చాను. కాస్త ఓపిక పడుతుందని ఇచ్చానే గాని, ఆమె ఏదో చెబుతుందని కాదు.

మైకు వెనక, దాని ముఖం ఉన్న వైపే తిరిగి కూర్చుంది. ఆమె చెల్లెలు మైకు చుట్టూ చప్పట్లు కొడుతూ నడిచింది. హెడ్‌ఫోన్లలో వింటున్న అక్క కళ్లు మూసుకుని, వెంటనే తెరిచింది.

"మా సెల్లెలు ఎడం పక్కన ఉండాది. సప్పట్లు కుడి సెవిలో ఇనపడతాండాయి, యాల?"

వైర్లను చూసుకున్నాను. పరీక్ష కోసం మార్చిన రెండు వైర్లనూ తిరిగి వాటి చోట పెట్టనేలేదు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, దిక్కులే తారుమారు. వైర్లు మార్చాను. పెంచిన స్థాయినీ వాటితోపాటు మార్చాలి. తొందరలో ఒకసారి దాన్ని లాప్‌టాప్‌లో తప్పు గడిలో పెట్టి, మళ్లీ సరిచేశాను. ఆమె నీళ్లు తాగుతూ నా చేతులనే చూసింది.

చెల్లెలు మళ్లీ నడిచింది.

"ఇప్పుడు సరిగా ఉండాది" అని ఆమె లేచింది. ఏడుగురు ఆడవాళ్లూ వచ్చి మైకు చుట్టూ నిలబడ్డారు.

మొదటి పాట పూర్తిగా వచ్చింది. రెండోదాంట్లో మూడో చరణం దగ్గర గొంతు పట్టేసింది. ఆమె ఆగి చేయి ఊపింది. ఏడుగురూ ఆగకుండా పాడి పూర్తిచేశారు. నేను రికార్డింగ్ ఆపలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నెల తర్వాత వెళితే మాట వస్తోంది, పాట రావడం లేదు. రికార్డు వినిపించాను. మొదటి పాట అయ్యేదాకా కదలకుండా వింది. రెండోది మొదలవగానే హెడ్‌ఫోన్లు తీసి చెల్లెలి చేతికిచ్చి, "నువ్వు నేర్సుకో" అంది.