ఆకాశంలో మిరపకాయల ఘాటు

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. మావారు దాచేపల్లి వైపు ఒక ఫ్యాక్టరీ యజమాని సొంత విమానానికి పైలట్. నాలుగు సీట్ల బుల్లి విమానం. ఒకరోజు దాన్ని ఖాళీగా హైదరాబాదు తీసుకెళ్తూ, యజమానిని అడిగి నన్నూ ఎక్కించుకున్నారు.

మా ఊళ్ళో కొత్త ట్రాక్టరుకైనా దిష్టి మూట కట్టందే పొలానికి పోనివ్వరు. విమానానికి కట్టే చోటు కనపడలేదు. ఆయన ఇంజినంతా చూసుకుని ఆఫీసులోకి వెళ్ళగానే, ఎండుమిరపకాయలు, ఉప్పు కట్టిన ఎర్రగుడ్డ మూటను ఇంజిను ముందున్న చిన్న సందులో దోపేశాను.

పైకెళ్ళాక కిందంతా తెల్లగా పత్తిచేలు. ఆయన మాత్రం ఎదురుగా ఒక మీటరు ముల్లునే చూస్తున్నారు.

“ఆయిల్ ఇంత వేడెక్కుతోందేంటి?”

ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. అంతలో ఘాటు. ఇద్దరికీ ఒకటే దగ్గు.

“ఈ మిరపకాయల వాసన ఎక్కణ్ణుంచే?”

“ముందు సందులో దిష్టి మూట పెట్టానండి,” అన్నాను.

“ఆయిల్ చల్లబడ్డానికి గాలెళ్ళే దారే అది, పిచ్చిదానా!”

ఇంజిను జోరు తగ్గించి విమానాన్ని మెల్లగా వెనక్కి తిప్పారు. “ముల్లు ఎక్కడుందో చెప్తూండు, చాలు.”

చెబుతూనే ఉన్నాను. గీతకు వెంట్రుకవాసిలో ఆగింది. చక్రాలు నేలను తాకాకే నాకు ఏడుపొచ్చింది. ఆయన కమిలిన మూటను బయటికి లాగి నా చేతిలో పెట్టారు.

మంచికి చేసే పనైనా ఒక మాట అడిగి చేయాలని ఆ రోజు తెలిసింది. తర్వాత నన్ను ఎక్కించుకున్న ప్రతిసారీ ఆయన ఆ సందులో చెయ్యి పెట్టి చూసేవారు. ఆ పైన నా హ్యాండ్‌బ్యాగు తెరవమనేవారు.