రాజేశం సార్ మార్చిన మీటలు

మనుషుల చేతుల మీదుగానే తన పనులు జరిపించే ప్రభువుకు స్తోత్రం. ఏది రాసినా ఆయన్ను స్తుతించి మొదలుపెట్టడం నాకు మా క్రైస్తవ సంఘంలో అబ్బిన అలవాటు. ఈ రోజు మాత్రం అలవాటుగా కాదు, నిండు మనసుతో స్తుతిస్తున్నాను. పొద్దున కొత్త చేనేత తువ్వాలు మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. రాజేశం సార్ వచ్చి పక్కన నిలబడ్డట్టే అనిపించింది. ఆయన చొక్కాలన్నీ ఆ వాసనే వేసేవి.

సార్ సిరిసిల్ల వైపు నేత కుటుంబంలో పుట్టినవారు. తొంభైల మొదట్లో కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం పైన, రెండు గదుల్లో కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. బడులకు మార్కుల ప్రోగ్రాములు రాసివ్వడం మా పని. నేను శ్రీరాంపూర్ నుంచి వచ్చాను. మా నాన్న, అంటే బాపు, బొగ్గు బాయిలో గనిపని చేసేవాడు, మా సంఘంలో పెద్ద. పసితనంలో వచ్చిన జ్వరం నా ఎడమ చేతిలో బలమంతా తీసుకుపోయింది. వేళ్లు కదిలేవి కావు. ఆ చెయ్యి బాగుపడాలని సంఘమంతా నా మీద చేతులుంచి ప్రార్థించేది. ప్రార్థన అయ్యాక అందరూ నా చేతి వైపే చూసేవారు. అది కదలదు. నా విశ్వాసమే చాలలేదేమోనని తల వంచుకునేదాన్ని.

సెంటర్‌లో కొన్నాళ్లు నా పని చూసి, బాగుంటేనే ఉంచుకుంటామన్నారు. ప్రోగ్రాము ఆలోచించడం నాకు కష్టం కాలేదు. దాన్ని ఎడిటర్‌లో, అంటే తెర మీద కొట్టి దిద్దుకునే సాఫ్ట్‌వేర్‌లో, రాయడమే కష్టమైంది. ఆ పాత కీబోర్డులో కంట్రోల్ మీట ఎడమవైపు ఒక్కటే ఉండేది. కొన్ని లైన్లను ఎంచుకోవాలన్నా, చెరపాలన్నా, వేరేచోటికి జరపాలన్నా ఆ మీటను పట్టి ఉంచి ఇంకోదాన్ని నొక్కాలి. నేను ఎడమ మోచేతిని కంట్రోల్ మీద ఆనించి, ఒళ్లంతా వంచి, కుడిచేత్తో రెండో మీట అందుకునేదాన్ని. మోచెయ్యి పక్క మీటల మీద కూడా పడి తెర నిండా పిచ్చి అక్షరాలు వచ్చేవి.

నాతోపాటు పనిచేసే శీను పగలబడి నవ్వాడు. "గదేంది రూతూ, కీబోర్డును జోకొడుతున్నవా?"

సార్ నవ్వలేదు. నా వెనక కుర్చీ వేసుకొని చాలాసేపు చూశారు. "నొస్తుందా బిడ్డా?"

"లే సార్, అలవాటైతది."

"ఎందుకు అలవాటు గావాలె? మా ఇంట్ల ఒక్కటే మగ్గం. అవ్వ కూసుంటే తొక్కుడు చెక్కల తాళ్లు కురచగ కట్టుకునేది. బాపు కూసుంటే పొడుగు జేసుకునేటోడు. అవ్వను కాళ్లు పెంచుకొమ్మని ఎవ్వలన్న అన్నరా?"

ఎడిటర్‌లో ఏ మీట ఏ పని చేయాలో మనమే మార్చుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. సార్ తిండి మరిచి ఆ పనిలో మునిగారు. కంట్రోల్‌తో జరిగే పనులన్నిటినీ ఒక్క వేలితో నొక్కే ఎఫ్1, ఎఫ్2 లాంటి ఎఫ్ మీటలకు మార్చారు. వాటిలో అంతకుముందు ఉన్న సేవ్ లాంటి పనులను పక్క మీటలకు జరిపారు. మార్చిన ప్రతిసారీ నాతో నొక్కించి, "అందిందా? జర పక్కకు జరుపాల్నా?" అని అడిగారు. సాయంత్రానికి నేను నిటారుగా కూర్చొని రాస్తున్నాను.

కొద్ది రోజులకే గండం వచ్చింది. రెండో కంప్యూటర్ మరమ్మతుకు పోవడంతో, నేను లేనప్పుడు శీను నా దాని ముందు కూర్చున్నాడు. ఒక బడికి మర్నాడే ఇవ్వాల్సిన తన ప్రోగ్రాముకు ఇంకో కాపీ తీద్దామని మొత్తాన్ని ఎంచుకొని, ముందు సేవ్ చేద్దామని తనకు అలవాటైన మీట నొక్కాడు. నా అమరికలో అది చెరిపే మీట. తెర ఖాళీ అయింది. కంగారులో ఇంకోటి నొక్కాడు. అది నా సేవ్ మీట. ఖాళీ తెర భద్రంగా సేవ్ అయింది.

నేను మెట్లెక్కుతుంటే శీను గొంతు వినపడింది. "ఒక్కదాని చెయ్యి కోసం అందరి చేతులు ఖరాబు జేసుకోవాల్నా సార్? గా మీటలు మునుపటి లెక్క జెయ్యుండ్రి. లేకుంటే ఆమెనన్న పంపియ్యుండ్రి!"

మీటలు మునుపటిలా మారితే ఈ పని ఇక నాది కాదు. అట్లని శీను కోపంలో అన్యాయమూ లేదు. అతని శ్రమంతా పోయింది. లోపలికి వెళ్లి, "నేను పోత సార్," అన్నాను.

"ఏడికి పోతవు? కూసో," అని సార్ శీను వైపు తిరిగారు. "తప్పు రూతుది గాదు, నీది గాదు, నాది. మగ్గం మీదికెల్లి లేచేటోళ్లు తాళ్లు విప్పి లేవాలె. లేకుంటే తర్వాత కూసున్నోని కాలు దబ్బున మగ్గం కింది గుంతల వడ్తది. గిది మా ఇంట్ల పోరగాళ్లకు సుత ఎరుకే. నేను కట్టుడైతే కట్టిన, విప్పుడు మరిచిన. నీతోని నేను గూడ కూసోని రాస్త, ఫికర్ జెయ్యకు."

పోయినదాన్ని ముగ్గురం కలిసి మళ్లీ రాశాం. శీను గుర్తున్నంత చెప్పాడు, నేను కొట్టాను. మధ్యలో ఒకసారి, "ఓ రూతూ, జర మెల్లగ! నా నోటికన్న నీ చెయ్యే ముందు ఉరుకుతుంది," అన్నాడు. ఆ తర్వాత సార్ ఒక చిన్న కమాండ్ రాసిపెట్టారు. కూర్చోగానే మన పేరు కొడితే మన మీటలు వస్తాయి. వేరొకరి పేరు కొడితే వాళ్లవి వస్తాయి. ఒకరోజు నేను టీ తాగి వచ్చేసరికి, శీను లేచి వెళ్లిన కంప్యూటర్ మీద నా మీటలు సిద్ధంగా ఉన్నాయి. నా పేరు అతనే కొట్టి లేచాడు.

ఆ తర్వాతి ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు, లోపల మెదులుతున్నది బాపును అడిగేశాను. "బాపూ, సార్ మన సంఘపాయన గాదు గదా. మన ప్రార్థనతోని కానిది ఆయనతోని ఎట్లయింది?"

బాపు చేతిలోని బైబిల్ పక్కన పెట్టాడు. "ప్రార్థనతోని కాలేదని ఎవలన్నరు? నీ చెయ్యి లేవాలని మనం అడిగినం. నీ పని సాగాలని దేవుడు జూసిండు. ఎవలను పంపాల్నో మనల నడిగి పంపుతడా?"

ఆ రోజు సంఘంలో నా చెయ్యి కోసం ప్రార్థిద్దామని పిలిస్తే, బాపే లేచి నిలబడ్డాడు. "గీ వారం రాజేశం సారు కోసం చేద్దాం," అన్నాడు. ప్రార్థన అయ్యాక మొదటిసారి ఎవరూ నా చేతి వైపు చూడలేదు.

సార్ ఇప్పుడు లేరు. స్వస్థత కోసం ఎవరైనా మా సంఘంలో ముందుకొస్తే, నేను నిండు విశ్వాసంతోనే ప్రార్థిస్తాను. ఆమెన్ అన్నాక వాళ్ల నొప్పి తగ్గిందా అని చూడను. రేపు మీరు చేయాల్సిన పని ఏమిటని అడుగుతాను. పోయిన ఆదివారం ఒకామె మోకాలి నొప్పితో వచ్చింది. కుట్టుమిషన్ తొక్కలేకపోతోందట, ఇల్లు గడిచేది దానితోనే. ప్రభువు ఆ మోకాలిని ముట్టాలని, చదువుతున్న మీరు కూడా నాతో ఒక్క మాట ప్రార్థించండి. మిషన్‌కు చేత్తో తిప్పే పిడి బిగించే మనిషి దొరికాడు. రేపు పొద్దున వస్తానన్నాడు.