తగరం కలిపిన గుండ్లు

మా ఆయన దగ్గర ఉన్నది చేతి తుపాకి. పొడవు మూరకు తక్కువ. సంస్థానం అడవిలో కాపలా చేసిన మా మామగారు వాడినది. గొట్టంలో మందు పోసి, గుడ్డ ముక్క పెట్టి, గుండు దిగగొట్టి ఒక్కసారి పేల్చాలి. రెండోసారి నింపేదాకా దుప్పి నిలబడదు కదా. ఊళ్ళో తక్కిన వాళ్ళవి పొడుగు నాటు తుపాకులు, దూరం నుంచే కొట్టేవారు. ఈయన మాత్రం పొదలో బోర్లా పడుకుని దుప్పి పది అడుగుల దగ్గరకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి. అంత కష్టపడి కొట్టేవాడికి గుండు మంచిది ఉండాలి. ఆ గుండ్లు పోయడం నా పని.

మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, లక్ష్మీపూర్ సంతకు ఒక పూట నడక దూరంలో ఉన్న కొండపల్లెలో మడులు చేసుకున్నాం. వచ్చి ఆరేళ్ళయినా ఊరి వాగు నీళ్ళలో మాకు వంతు లేదు. అందరి మడులూ తడిశాక మిగిలిన నీళ్ళు మావి. మిగిలేవి కావు. రెండేళ్ళు వరుసగా వరి నా కళ్ళ ముందే ఎండింది. మా ఆయన వెళ్ళి ఊరి పెద్దను అడిగితే ఆయన ఒకటే మాట అన్నాడు.

"వేటలో వాటా తిన్నోడు ఊరోడు. నీకు వాటా పడనీ. నీళ్ళు మేమే తెచ్చి వదుల్తాం."

ఆ ఊళ్ళో చైత్రమాసం పండగకు మగవాళ్ళంతా వేటకు పోతారు. జంతువును ఎవరు పడగొడితే వాళ్ళకు వాటాగా తల, ఒక తొడ. ఎవరు పడగొట్టారన్నది నోటి మాట మీద తేల్చరు. కోసినప్పుడు లోపల దొరికిన గుండును బట్టి తేలుస్తారు. ఎవరి ఇంటి అచ్చు వాళ్ళది, ఎవరి గుండు బరువు వాళ్ళది. మాంసంలో నలిగి బిళ్ళ అయిపోయినా గురిగింజలతో తూచి ఫలానా వాడిదని చెప్పేస్తారు.

సీసం కరిగించి, పైన తేలిన మడ్డి తీసేసి, అచ్చులో ఒక్క ధారగా పోయాలి. చల్లారాక గుండ్లను కంచు పళ్ళెంలో దొర్లించాలి. తిన్నగా పోయేది పనికొస్తుంది. వంకర పోయిందంటే లోపల గాలి ఉన్నట్టు, దాన్ని మళ్ళీ కరిగించాలి. చివరకు మా ఆయన ఒక్కొక్కటే పంటి కింద పెట్టి నొక్కి చూసేవాడు. పన్ను దిగితే సీసం మెత్తన. మెత్తని గుండయితే ఒంట్లోకి దిగి, విచ్చుకుని, అక్కడే ఉండిపోతుంది.

యుద్ధం రోజులు. సంతలో సీసం లేదు. ఇంట్లో ఉన్నవల్లా పాత చేపల వలకు బరువుకని కట్టిన సీసం గుళ్ళు. వాటితో నాలుగు గుండ్లు అవుతాయి. నాకు నాలుగు చాలవనిపించింది. రెండు వంకర పోతే మిగిలేది రెండే. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించడానికి మా అమ్మ ఇచ్చిన తగరం ముక్క గూట్లో ఊరికే పడి ఉంది. దాన్ని కూడా మూకుట్లో వేసి కరిగించాను. ఎనిమిది గుండ్లు వచ్చాయి. ఒక్కటీ వంకర పోలేదు. వెండి పూసల్లా నిగనిగలాడాయి. అచ్చు నిండా పోత పడి, ఎక్కడా చిన్న గుంట లేదు.

ఆయన వాటిని అరచేతిలో పోసుకుని చూశాడు. ఆ రోజు పంటితో నొక్కలేదు. ఆ మెరుపు చూసి అక్కర్లేదనుకున్నాడు. వాటిలోంచి మరీ నున్నగా ఉన్నవి మూడు ఏరుకుని తిత్తిలో వేసుకున్నాడు.

"ఎప్పుడూ ఇలా పొయ్యలేదు నువ్వు. సెయ్యి కుదిరింది" అన్నాడు.

కాపురానికి వచ్చిన పన్నెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. తగరం సంగతి నేను చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అని కూడా అనుకోలేదు.

మర్నాడు పండగ వేటలో, మధ్యాహ్నానికి దుప్పి ఆయన పొద దగ్గరికే వచ్చింది. పక్కటెముకల మీద కొట్టాడు. అది ఎగిరి దూకి వాగు దాటి పోయింది. రక్తపు జాడ పట్టుకుని ఈయన వెళ్ళేసరికి ఊరి పెద్ద బావమరిది అక్కడ నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ మీద కూలబడిన దుప్పిని మెడలో కొట్టి, నాదంటున్నాడు.

అక్కడే కోశారు. మెడలో అతని గుండు దొరికింది. పక్కటెముకల్లో ఏమీ లేదు. ఈ పక్క చిల్లు, ఆ పక్క చిల్లు. తగరానికి గట్టిపడిన గుండు విచ్చుకోకుండా దూసుకుపోయింది.

"ఈ రెండు సిల్లులూ నేను కొట్టినవే. మీ కళ్ళకి అవుపడతన్నాయి కదా" అన్నాడట మా ఆయన.

"సిల్లుకి పేరుంటాదేటి? నీ గుండు సూపించు" అన్నాడట బావమరిది.

"పొదల్లో ఎక్కడో పడుంటాది."

"అయితే పొదలకే వాటా ఇవ్వాల" అని బావమరిది నవ్వాడట. అందరూ నవ్వారట. ఊరి పెద్ద నవ్వలేదు. నవ్వకుండా తల, తొడ బావమరిదికి ఇచ్చాడు.

ఈ కబురు మగవాళ్ళకంటే ముందే ఊరు చేరింది. ఆ పండగకు ఇంకో రివాజు ఉంది. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద ఇంటి ఆడది పేడనీళ్ళు పోయాలి. వాళ్ళకది సరసం. పోసిన వాళ్ళూ పోయించుకున్న వాళ్ళూ కలిసి నవ్వుకుంటారు. ఆడవాళ్ళు కుండలు పట్టుకుని ఊరి మొగలో నిలబడ్డారు. ఊరి పెద్ద భార్య ఒక కుండ తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇదిగో అమ్మి, పట్టు. మీ ఇంటాయన దుప్పి సెవిలో రహస్యం సెప్పి ఒగ్గేసేడంట."

"కాదొదినా, ఆ పొట్టి తుపాకి సూసి నవ్వలేక అదే కూలబడిపోయుంటాది" అంది ఇంకొకతె.

"పొయ్యకపోతే వదిలెయ్యండర్రా. మైదానపోళ్ళకి మన రివాజులెందుకు" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. తప్పు నాదని అప్పటికే తెలుసు. అయినా ఎండిన మడులు కూడా కళ్ళ ముందు ఉన్నాయి. ఆయన తల వంచుకుని అందరికంటే వెనక నడిచి వస్తున్నాడు. నేను ఎదురువెళ్ళి కుండెడు పేడనీళ్ళూ ఆయన నెత్తి మీద కుమ్మరించాను. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. ఆయన ముఖం తుడుచుకుని నా వైపు చూశాడు. సరసంగా తీసుకోలేదు. మా వైపు అలాంటి సరసం లేదు, అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నాట్లు వేసే వేళకు ఊరి పెద్దే పార పట్టుకుని వచ్చి మా మడుల వైపు కాలవ తవ్వించాడు. ఆపైన ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చున్న మా ఆయనతో అన్నాడు.

"మీ ఆడది ఊరి రివాజు నిలబెట్టింది. ఇంక మీరు ఊరోళ్ళే. నీళ్ళ వరసలో ఐదో వంతు మీది."

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. తుపాకిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. మళ్ళీ దించలేదు. గుండు ఎందుకు నిలవలేదని నన్నెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. పేడనీళ్ళ గురించి మాత్రం ఒక్క సంజాయిషీ నేను ఇచ్చుకోలేదు. ఇచ్చుకుంటే తగరం దాకా వెళ్ళాల్సి వచ్చేది.

ఆ ఏడు పంట బాగా పండింది. ఆ తరవాతా పండింది. ఆయన దున్నేవాడు, కోసేవాడు, మోసేవాడు. మడికి నీళ్ళు పెట్టడానికి మాత్రం ఒక్కనాడూ వెళ్ళలేదు. మా వంతు వచ్చిన పొద్దున ఊళ్ళోవాళ్ళు కేకేస్తే, లోపల ఉన్న నాకు వినబడేలా చెప్పేవాడు.

"ఒలే, నీ నీళ్ళొచ్చేయి. ఎళ్ళు."

సునాబెడ ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో పనికని ఆయన అక్కడికి పోయేదాకా, ప్రతి వంతుకూ అదే మాట. నేను పార భుజాన వేసుకుని వెళ్ళేదాన్ని.