దగ్గు బాబాయి

మానవజాతి చరిత్రలో దగ్గుకు దక్కవలసిన గౌరవం ఇంతవరకూ దక్కలేదు. దక్కిన నాడు మొదటి అధ్యాయం దగ్గు బాబాయిదే.

ఆయన షూటింగుల్లో కెమెరా పక్కన నక్కి నటులకు డైలాగులు అందించేవాడు. కథానాయిక తప్పు పలికితే రెండుసార్లు దగ్గేవాడు. ఆమె ఎంత ఏడుపులో ఉన్నా టక్కున ఆగి, చెవి ఇటు పడేసి, ఆయన అందించిన మాటతో మళ్ళీ మొదలెట్టేది. దగ్గు వినపడనిదే ఆ చెవి ఇటు తిరగదు. ఇరవై రెండేళ్ళలో ఆమె నాయిక నుంచి నాయకురాలై ప్రభుత్వమే ఏలుతోంది. బాబాయి వేదిక వెనక పరదా చాటుకు మారాడు. కాగితంలో ఏముంటే అది చదవడం ఆమె మానలేదు, దగ్గడం ఈయన మానలేదు.

కొత్త కార్యదర్శికి ఇది గిట్టలేదు. "పెద్దాయనా, మీ ఖళ్ళుఖళ్ళు మైకులో పడుతోంది. ఇవాళ దగ్గారో, రేపట్నుంచి మీ ఇంట్లోనే దగ్గుకోండి!"

"ఈ దగ్గు బిళ్ళ బుగ్గన పెట్టుకోండి, ఉద్యోగం నిలబడుతుంది," అంది బాబాయి భార్య.

ఆ రోజు సభ మామూలుది కాదు. ఆమె కుర్చీ దిగాలని ప్రత్యర్థులు పట్టుబట్టారు. జవాబు కోసం మైదానమంతా ఊపిరి బిగబట్టింది. దులపకుండా కట్టిన పరదా వెనక బాబాయి తన దగ్గరున్న ప్రసంగం ప్రతిమీద వేలు పెట్టి చూస్తున్నాడు. కార్యదర్శి ఆయన పక్కనే కాపలా.

మూడో పేజీలో బాబాయి వేలు ఆగింది. 'దిగను' అని ఉండాల్సిన చోట 'దిగాను' అని ఉంది. టైపు చేసినవాడు ఒక్క దీర్ఘం దానం చేశాడు!

దగ్గితే తన కొలువు పోతుంది. దగ్గకపోతే ఆమె కుర్చీ పోతుంది. పోతే నాదే పోనీ అనుకున్నాడు.

"ఎవరెన్ని అన్నా, నేను దిగాను," అని చదివేసిందామె.

మైదానం కొయ్యబారింది. బాబాయి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. బిళ్ళ పుణ్యమా అని గొంతు నెయ్యి రాసినట్టుంది.

ఖళ్! ఖళ్!

ఆమె ఆగింది. చెవి ఇటు పడింది.

"దిగను," అందించాడు బాబాయి.

"దిగానా?" నవ్విందామె. "దిగను!"

ప్రత్యర్థులను వెక్కిరించిందనుకుని జనం ఈలలతో హోరెత్తించారు.

సభ కాగానే ఆమె పరదా తొలగించుకుని వచ్చింది. "బాబాయ్, నీ దగ్గు నూరేళ్ళు చల్లగా ఉండాలి! ఈయన్ని నా పక్కనుంచి కదిపితే ఊరుకోను, విన్నారా?"

కార్యదర్శి జేబురుమాలు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని, దగ్గు ఆపుకుంటూ తల ఊపాడు.

ఆయనకు దుమ్ము పడదు.