మరక అంటని తొమ్మిది ముక్కలు

పోయినవి ముందు చెబుతాను. ముప్పై ఆరడుగుల కార్పెట్ ఒకటి. దాని పక్కన కోసిన తొమ్మిది ముక్కల్లో ఎనిమిది. మా చర్చిలో కొలతంటే నన్నే పిలిచే అలవాటు. మా చెల్లెలికి నా లెక్క మీద ఉన్న నమ్మకం. మొదటి రెండింటినే తూకం వేయగలను.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. కోటబొమ్మాళిలో కలప అడితిలో దుంగలు కొలుస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. 2013లో చర్చికి కార్పెట్ కొనడానికి పెద్దలు నన్నే విజయనగరం పంపారు. పాతదాని నిండా ద్రాక్షరసం మరకలు.

కొట్టు యజమాని కొత్తదాని మీద గ్లాసుడు టీ ఒంపాడు. చేమాకు మీద నీళ్లలా బొట్లు నిలబడ్డాయి.

"సూడండి బావగారూ, టీ అయినా సరే, లోపలికెళ్లాలంటే పర్మిషనడగాలి," అన్నాడు.

నవ్వాను. వెడల్పు అడిగాను, బరువు అడిగాను, ఎన్నేళ్లు మన్నుతుందో అడిగాను. పూసిన మందేమిటని అడగలేదు.

చుట్ట వెడల్పు పన్నెండడుగులు, మాకు కావలసింది తొమ్మిది. మిగిలిన మూడడుగుల పట్టీని నాలుగేసి అడుగులకు కోశాను. సరిగ్గా తొమ్మిది ముక్కలు, అంగుళం వృథా కాలేదు. చంటిపిల్లలున్న తొమ్మిది ఇళ్లకు పంచాను. చెప్పులు గుమ్మం బయట విడిచే జనం మేము. చర్చిలో దాని మీదే కూర్చున్నాం, ప్రేమవిందు నాడు దాని మీదే విస్తర్లేసుకుని తిన్నాం. మా చెల్లి కూతురికి అప్పుడు పది నెలలు. పళ్లొస్తూ ముక్క అంచు చీకేది. రెండేళ్లు నిండేదాకా దాని పక్క అదే.

నాలుగేళ్ల తర్వాత పేపర్లో ఒక మూల చదివాను. మరకలు అంటకుండా కార్పెట్లకు పూసే మందుల్లో కొన్ని ఒంట్లో చేరితే త్వరగా పోవట, వాటిని ఆపాలని కొన్ని దేశాల్లో అడుగుతున్నారట. చెల్లికి చదివి వినిపించాను.

"మరైతే పిల్ల కడుపులోకి ఎంతెళ్లుంటాది?" అంది.

"తెలీదు."

"లెక్కలోడివి కదా అన్నయ్యా. అంగుళం కూడా వదల్లేదని ఊరంతా సెప్పుకున్నావు. ఇదీ సెప్పు."

కొట్టుకు వెళ్లాను. కంపెనీని అడగమన్నాడు యజమాని. కార్పెట్‌తో వచ్చిన కంపెనీ అట్ట మీద సైజు, రంగు, ఉతికే పద్ధతి ఉన్నాయి, మందు పేరు లేదు. సమాచార హక్కు కింద, సరుకుల నాణ్యత చూసే పెద్ద ప్రభుత్వ కార్యాలయానికి రాశాను. ఇళ్లలో వాడే కార్పెట్లలో ఆ మందుకు పరిమితి ఏదీ నిర్ణయించలేదని, అందుచేత పరీక్షించలేదని జవాబు వచ్చింది. పరిమితి లేదు కాబట్టి కొలవరు. కొలవరు కాబట్టి, పరిమితి కావాలని ఎవరికీ తోచదు. దుంగ కొలవకుండా చీటీ రాస్తే మా అడితిలో మర్నాడు పని ఉండదు.

కార్పెట్ తీయించమని పెద్దల్ని అడిగాను.

"నువ్వే తెచ్చావు, నువ్వే తీయమంతన్నావు. రేపు పైకప్పూ తీసేద్దామేటి?" అన్నాడొకాయన.

చివరకు తీశారు. తర్వాత చర్చి కిటికీలు కొలవడానికి ఇంకొకర్ని పిలిచారు. ముక్కలు ఎనిమిది తిరిగొచ్చాయి. తొమ్మిదో ఇంటామె, గచ్చు సలవ, ఇవ్వనంది. కాలిస్తే పొగకి భయం, పూడిస్తే బావికి భయం. కార్పెట్‌నీ ముక్కల్నీ మా పెరటి షెడ్డులో టార్పాలిన్ చుట్టి ఉంచాను. ఇప్పటికీ ఒక్క మరక లేదు.

పిల్ల బాగానే ఉంది, బడికి వెళుతోంది. ఏటా తలుపుకి నిలబెట్టి దాని ఎత్తు గీత గీస్తారు. ఆ గీత గీయడానికి చెల్లి నన్ను పిలవదు. ఎదురైతే మాత్రం అడుగుతుంది, "లెక్క తేలిందా?" అని.

నా లెక్కల పుస్తకంలో, పిల్ల పడుకున్న ముక్కకి ఒక పేజీ ఉంది. పన్నెండు చదరపు అడుగులు. పద్నాలుగు నెలలు. మూడో గడిలో, మందు ఎంత అన్నచోట, ఏమీ లేదు. ఆ అంకె చెల్లికి నేను బాకీ, నాకు ఆ కార్యాలయం బాకీ. ఈ రోజుకీ.