మా ఆవిడ పళ్ళ ట్రయలు

మా ఆవిడ ముందు పళ్ళు రెండూ దారానికే బలైపోయాయి. కత్తెర ఒళ్ళోనే ఉన్నా, కుట్టు పూర్తవగానే పోగును పటుక్కున కొరికెయ్యడం ఆవిడకు పెళ్ళికి ముందునుంచీ అలవాటు. ఒకటి విరిగింది, రెండోది ఊడింది. పళ్ళు పోతే పోయాయి, వాటితోపాటు నవ్వు కూడా పోవడమే నాకు మింగుడు పడలేదు.

మా కుట్టుకొట్టుకి బోర్డు లేదు. ఆవిడ నవ్వు వీధి మలుపుదాకా వినపడేది. కొత్తవాళ్ళు దాన్ని పట్టుకునే వచ్చేవారు. ఇప్పుడేమో ఎవరు జోకేసినా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తల దించేస్తోంది. పక్కనే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఆ మౌనం భరించడం నావల్ల కాలేదు. నేను పోరు పెట్టగా పెట్టగా పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి కదిలింది.

డాక్టరమ్మ మూడు దారులు చెప్పింది. దవడ ఎముకలో మరమేకు బిగించి దానిమీద పన్ను పెట్టడం ఒకటి.

"అమ్మో, ఎముకకి బెజ్జమే!" అంది మా ఆవిడ.

అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటి ఆసరాతో బ్రిడ్జి కట్టడం రెండోది.

"పక్కవాళ్ళేం పాపం చేశారమ్మా?"

ఇక మిగిలింది తీసి పెట్టుకునే పళ్ళసెట్టు. దానికి ఒప్పుకుంది.

"దారం మాత్రం కొరక్కూడదు" అంది డాక్టరమ్మ. నేనేదో చాడీలు చెప్పినట్టు మా ఆవిడ నావైపు గుర్రుగా చూసింది.

అచ్చు తీసుకున్నారు. తర్వాతి వారం మైనంలో గుచ్చిన పళ్ళు పెట్టి చూపించారు. ట్రయలన్నమాట. రెండూ తెల్లగా, తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. ఆవిడ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"బాగానే ఉన్నాయిలెండి" అంది.

జాకెట్టు నచ్చనివాళ్ళు మా కొట్లో సరిగ్గా అలాగే అంటారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం బాగు, నా మొహం! ఎడమ పన్ను కాస్త వంకరగా, రెండోదాని మీదికి ఎక్కి ఉండేది డాక్టరమ్మా. అలా పెట్టండి. ఇది మా ఆవిడ నోరు కాదు."

"ఇన్నేళ్ళూ వంకరపళ్ళదానా అని ఏడిపించిందెవరండీ?" అంది మా ఆవిడ.

"ఏడిపించాను. సరిచేయించుకోమన్నానా ఎప్పుడైనా? ఆ పన్ను చూసే కదే నిన్ను చేసుకున్నాను!"

ఆవిడ నోరు తెరుచుకుని నన్నే చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. మైనం పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. అయినా నవ్వు ఆగలేదు, చెయ్యి నోటికి అడ్డం రాలేదు. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళు తలుపు తోసి తొంగి చూశారు.

డాక్టరమ్మ ఆ పళ్ళు చేతిలోకి తీసుకుంది.

"ఎంత వంకర పెట్టమంటారు?" అని నన్నే అడిగింది.

కొలత నేనే చెప్పాను.