పొట్టేళ్లది ఏ కేటగిరీ?

మా పెద్దనాన్నకు తాండూరులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పాపానికి ఆ ఆఫీసులోని మూడు కంప్యూటర్లూ నా నెత్తిన పడ్డాయి. రోజూ వికారాబాద్ నుంచి రైల్లో పోతాను. కీబోర్డు మీది రాతిపొడి తుడవడంతో నా ఉద్యోగం మొదలవుతుంది.

అక్కడ లోడింగు చూసే ఆయన్ని నేను కాకా అంటాను. పూడూరు దిక్కు గొర్లకాపరుల ఇంటివాడు, యాభై దాటాయి. మోకాళ్లు అరిగిపోయి మంద అమ్ముకుని మా దగ్గర చేరాడు. ఏ లారీలో ఏ సైజు బండలు ఎన్ని ఎక్కాలో చూడటం ఆయన పని. కొత్తలో నాకు ఆ పని ఓపిగ్గా నేర్పింది ఆయనే. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఆయనకున్న చెడలవాటు ఒక్కటే, తీరిక దొరికితే ఆఫీసు కంప్యూటర్లో పొట్టేళ్ల వీడియోలు చూడటం. పొట్టేలు నడుస్తుంది, పొట్టేలు మేస్తుంది, పొట్టేలు ఊరికే నిలబడుతుంది. కాక కళ్లార్పడు.

ఒకరోజు ‘జత పొట్టేళ్లు ఉచితం, ఇక్కడ నొక్కండి’ అని వచ్చింది. కాక నొక్కాడు. పొట్టేళ్లు రాలేదు కానీ కంప్యూటర్లోని ఫైళ్లన్నింటికీ తాళం పడింది. లోడింగు లిస్టులు మాయం. రెండు లారీలు గేటు ముందు ఆగిపోయాయి. కాకే ఆ లిస్టులన్నీ నోటితో అప్పజెప్పి మళ్లీ రాయించాడు. ఆ సంగతి పెద్దనాన్న లెక్కలోకి తీసుకోలేదు.

“బిడ్డా, పదిహేను దినాలు ఇస్తున్న. గాయినను ఆపే సాఫ్ట్‌వేర్ తీసుకరా. నీ సాఫ్ట్‌వేర్ ఆపకుంటె నేను ఆపుత, ఇంటికి పంపి.”

హైదరాబాద్ కంపెనీలకు ఫోన్లు చేసి మూడు సాఫ్ట్‌వేర్లు ట్రయల్‌కు పెట్టించాను. వాటిని పరీక్షించే పని కాకకే అప్పగించాడు పెద్దనాన్న. కాక దాటలేని కంచెను ఇంకెవడూ దాటలేడని ఆయన నమ్మకం. నాకు మాత్రం దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అనిపించింది.

మొదటిది జూదాన్ని ఆపింది, సినిమాలనూ క్రికెట్‌నూ ఆపింది. పొట్టేళ్లు మాత్రం దర్జాగా నడిచి వచ్చాయి. పనివేళల్లో గొర్రెలు చూసేవాడొకడు ఉంటాడని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు కలలో కూడా తట్టలేదు. ఆ కంపెనీ అతనికి ఫోన్ చేసి పొట్టేళ్లు ఏ కేటగిరీలోకి వస్తాయని అడిగాను. అతను తన లిస్టంతా వెతికాడు. తర్వాత, అదేమైనా కొత్తరకం జూదమా మేడం అని అడిగాడు.

రెండోదానిలో ‘వ్యవసాయం, పశువులు’ అని ఒక కేటగిరీ ఉంది. సంతోషంగా దాన్ని మూసేశాను. పొట్టేళ్లు ఆగిపోయాయి. కాక ముఖం చూడలేక నేను టీకి పోయాను. తిరిగొచ్చేసరికి క్యాబిన్లోంచి పెద్దనాన్న అరుస్తున్నాడు. కరణ్‌కోట దిక్కు ఆయనకు కంది చేన్లున్నాయి, అరగంటకోసారి కంప్యూటర్లో కందుల మార్కెట్ రేటు చూడకపోతే ఆయనకు ఊపిరాడదు. పొట్టేళ్లతో పాటు కందులూ మూతపడ్డాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. నా కందులు తెరువు, గాయిన గొర్లను ముయ్యి, అంటాడు పెద్దనాన్న. రెండింటికీ తాళం ఒకటే అంటే వినడు.

మూడోదానిలో మాటలనే ఆపొచ్చు. గొర్రె, మేక, పొట్టేలు అన్నీ రాసి మూసేశాను. పావుగంటలో కాక వెలిగిపోతున్న ముఖంతో వచ్చి, బిడ్డా, కన్నడంల దొరికినయ్ అన్నాడు. సరిహద్దు అవతలి సంతల్లో ఏళ్ల తరబడి బేరాలు చేసిన మనిషి, టగరు అని కొట్టాడట. దాన్నీ మూసేస్తే ఉర్దూలోంచి వచ్చాడు. అప్పజెప్పిన పని కదా, దొరికిన ప్రతి సందూ నిజాయితీగా నాకు చూపిస్తూ పోయాడు. కాకా, జర దొరకలేదని చెప్పరాదే, నీ కొలువు పోతదని బతిమాలాను. అబద్ధం ఎట్ల జెప్పాలె బిడ్డా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

పదిహేనో రోజు పొద్దున్నే పెద్దనాన్న మా ఇద్దరినీ క్యాబిన్‌కు పిలిచాడు. కాకను పంపేయడానికే అనుకున్నాను. ముందు ఇది చూడండని కంప్యూటర్ తిప్పాడు. బెంగళూరు పాత గిరాకీ పేరుతో మెయిల్ వచ్చింది, పెద్ద ఆర్డరు, వివరాలు కింది ఫైల్లో ఉన్నాయట. పక్కనే మన సాఫ్ట్‌వేర్ ప్రమాదం లేదని పచ్చటి టిక్కు పెట్టింది. పెద్దనాన్న వేలు మౌస్ మీద ఉంది.

“ఆగుండ్రి సార్,” అన్నాడు కాక. “గిది మన మందల గొర్రె గాదు.”

పెద్దనాన్న వేలు అక్కడే ఆగింది. కాక వివరంగా చెప్పాడు. ఆ గిరాకీ ముందు ఫోన్ చేయకుండా ఎన్నడూ మెయిల్ పెట్టడు. బండలు అడుగుల్లోనే అడుగుతాడు, ఇందులో సెంటీమీటర్లున్నాయి. నేను బెంగళూరుకు ఫోన్ కలిపాను. తానేమీ పంపలేదన్నాడు ఆయన.

పెద్దనాన్న ఆ మెయిల్ తీసేశాడు. మరి పొట్టేళ్ల లింకును ఎందుకు గుర్తుపట్టలేదని పెద్దనాన్న మెల్లగా అడిగాడు.

“అండ్ల పొట్టేలున్నది సార్. మంద అమ్మినకాడికెల్లి, పొట్టేలును జూస్తె నాకు ఇంకేం గనవడది.”

పెద్దనాన్న నా వైపు తిరిగాడు. రెండోది కొనెయ్ బిడ్డా, కందుల కేటగిరీ తెరిచే ఉంచు, అని మాత్రం నాతో అన్నాడు.

ఇప్పుడు మెయిల్లో ఏ ఫైలు వచ్చినా పెద్దనాన్న తానుగా తెరవడు. క్యాబిన్లోంచి కాకను కేకేస్తాడు. గీ పొట్టేలు అయిపోనీ సార్, అంటాడు కాక తన కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా. పెద్దనాన్న మౌస్ మీంచి చెయ్యి తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.